సీరియల్ సెట్ల కొట్టు నుంచి రొయ్యల చెరువుల దాకా

డిగ్రీ పరీక్షలు రాసిన వేసవిలో మా మేనమామ చెయ్యి విరిగింది. రాజోలులో ఆయనకి లైటింగు కొట్టు ఉండేది. తీర్థాలకీ జాతరలకీ పెళ్లిళ్లకీ సీరియల్ సెట్లు, అంటే రంగు బల్బుల దండలు కట్టడం, వెదురు బొంగులతో ఎత్తుగా బోర్డులు లేపి వాటిమీద రంగు బల్బులతో నెమలినో, రథాన్నో, పూలకుండీనో ఆడించడం ఆయన పని. ఏదో ఊళ్లో బోర్డు కడుతూంటే తాడు జారి కిందపడ్డారు. కుడిచేతికి సిమెంటు కట్టు వేశారు. ముందు చూస్తే వరసగా తీర్థాలు. ఒప్పుకున్న పనులు వదులుకుంటే మళ్లీ ఏడాది ఆ ఊళ్లు పిలవవు.

మా అమ్మ నన్ను పిలిచి, "ఓ నెల రోజులు మావయ్య దగ్గరుండి రా నాన్నా. చేతి సాయం" అంది.

మాది కొత్తపేట. నాన్న బ్యాంకులో గుమాస్తా. నేను చదివింది బీకాం. ఆ వేసవి బ్యాంకు పరీక్షలకి తయారవ్వాలని ఇంట్లో అనుకున్నారు. నాకూ వేరే ఆలోచనేమీ లేదు. పుస్తకాలు కూడా సంచీలో పెట్టుకునే రాజోలు బస్సెక్కాను. ఆ నెల ఎప్పుడు అయిపోయిందో నాకిప్పటికీ తెలీదు.

కొట్టు వెనక గదిలో చెక్క రోలర్లు ఉండేవి. చపాతీ కర్రకి పెద్దన్నల్లా ఉంటాయి. టేకుని గుండ్రంగా చిత్రిక పట్టించి, దానిమీద రాగి రేకు ముక్కల్ని చిన్న మేకులతో కొట్టేవారు. ఒక మోటారు ఆ రోలరుని నెమ్మదిగా తిప్పుతూంటే, పైనుంచి ఆనుకుని ఉన్న పట్టీలకి ఆ రేకులు తగులుతూ వదులుతూ ఉంటాయి. ఒక్కో పట్టీకి బోర్డుమీద ఒక్కో గుంపు బల్బులు. రేకు తగిలితే ఆ గుంపు వెలుగుతుంది, ఖాళీ వస్తే ఆరిపోతుంది. రోలరు ఒక చుట్టు తిరిగేసరికి నెమలి నాలుగడుగులు వేసి, పురి విప్పి, ఆడి, మళ్లీ ముడుచుకోవాలి. తీర్థంలో జీళ్లు కొనుక్కుంటూ తలెత్తి చూసే జనానికి ఆ నెమలే కనిపిస్తుంది. దాని వెనక డేరాలో గరగరలాడుతూ తిరిగే చెక్క మొద్దు సంగతి వాళ్లకి అక్కర్లేదు.

మావయ్య మంచం మీద కూర్చుని చెప్పేవారు, నేను మేకులు కొట్టేవాణ్ని. నేను చేసిన మొదటి నెమలి, పురి విప్పకుండానే ముడుచుకోవడం మొదలుపెట్టింది. గదిలో గోడకి ఆనించిన బోర్డుమీద అది చూసి మా అత్తయ్య పకపకా నవ్వింది. మావయ్యకి నవ్వు రాలేదు.

"ఒరేయ్ అల్లుడూ, అది నెమలిరా, విసనకర్ర కాదు. ముందు అదేం చేద్దామనుకుంటోందో నీ బుర్రలో పడాలి. ఆ తరవాతే మేకు కొట్టాలి."

"నెమలి ఏమనుకుంటోందో నాకెలా తెలుస్తుంది మావయ్యా?"

"నడువు. నువ్వే నెమలివై నడు. ఎక్కడ ఆగుతావో, ఎక్కడ మెడ తిప్పుతావో చూసుకో."

ఆ వెనక గదిలో చేతులు వెనక్కి పెట్టుకుని నెమలిలా నడిచాను. కాఫీ గ్లాసుతో వచ్చిన అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయింది. సిగ్గేసింది గానీ, ఆ నడకలోనే నాకో విషయం తెలిసొచ్చింది. మనం కళ్లతో ఒక్కసారిగా చూసేదాన్ని ముక్కలు చెయ్యాలి. ఏది ముందు, ఏది తరవాత, రెంటికీ మధ్య ఎంత సేపు. కాలాన్ని ఇలా కోసి చెక్కమీద పరవడం నాకు విపరీతంగా నచ్చింది. బీకాంలో మూడేళ్లు కూర్చున్నా ఏ పుస్తకమూ నన్నలా పట్టుకోలేదు.

మావయ్య చెయ్యి అతుక్కుంది. నేను వెళ్లలేదు. బ్యాంకు పరీక్ష దగ్గర పడ్డాక నాన్నే రాజోలు వచ్చారు. కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని, చుట్టూ ఉన్న వైరు చుట్టల్నీ బల్బుల బుట్టల్నీ ఒక్కొక్కటే చూశారు.

"పెళ్లిళ్లకి బల్బులు కట్టుకుని బతుకుతావా?" అన్నారు చివరికి.

"బల్బులు కట్టడం కాదు నాన్నా, వాటిని ఆడించడం."

"రెండిటికీ తేడా నీకు తెలుసు, మీ మావయ్యకి తెలుసు. నీకు పిల్లనిచ్చేవాడికి తెలియాలి కదా."

మావయ్య లోపల్నుంచి వచ్చి, "బావగారూ, భోజనం చేసి వెళ్దురుగాని రండి" అన్నారు. నాన్న భోంచేశారు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి తీసేశారు. అంతే. ఆ తరవాత ఎవరడిగినా "మావాడు ఎలక్ట్రికల్ పని చేస్తాడండీ" అని చెప్పేవారు. చివరి దాకా ఆ మాట మార్చలేదు. అందులో కోపం లేదు. ఆయనకి దొరికిన మాట అది.

తొంభైల చివరికొచ్చేసరికి ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి. అరచేతంత డబ్బా. రోలరు లేదు, మోటారు లేదు, శబ్దం లేదు. దానికి వైర్లు తగిలిస్తే బల్బులు వాటంతటవే పరుగులు పెడతాయి. మలికిపురంలో కొత్తగా కొట్టు పెట్టినవాళ్లు ఇవి తెచ్చారు. మేం లారీలో మోసుకెళ్లే సామాను వాళ్లు స్కూటరు మీద తెచ్చేవారు. మా ఊళ్లు ఒక్కొక్కటే వాళ్ల వైపు జారిపోవడం మొదలైంది.

"వాటికి ఆడడం రాదురా. ఉరకడమే వచ్చు" అనేవారు మావయ్య. నిజమే, ఆ పెట్టెల్లో ఉన్నవి ఎవరో ఎక్కడో ఇరికించిన నాలుగైదు ఆటలు. మన నెమలికీ వాటికీ సంబంధం లేదు. కానీ పిలిచేవాళ్లకి ఆ తేడా పట్టేది కాదు.

ఒక పెట్టె కొని విప్పాను. లోపల ఆకుపచ్చ పలక, దానిమీద నల్లటి చిప్పు. దాని వీపుమీద ఉండాల్సిన నంబరుని ఎవరో గరుకు కాయితంతో గీకేశారు. అది ఏ చిప్పో ఎవరికీ తెలియకూడదని తయారుచేసినవాడి జాగ్రత్త. నాకు ఆ గీతలు చూస్తే ఒళ్లు మండింది. మావయ్య తన రోలర్లని ఎవరొచ్చి చూసినా దాచేవారు కాదు.

అమలాపురంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపింగూ, లెక్కల ప్యాకేజీలూ నేర్పేవారు. అక్కడ పాఠాలు చెప్పే ఆవిడ ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ చేశారని ఎవరో చెబితే, ఆ డబ్బా పట్టుకుని వెళ్లాను. నాకన్నా అయిదారేళ్లు పెద్ద. ఇద్దరు పిల్లల తల్లి. క్లాసు అయ్యాక చీర కొంగు బిగించి, ఆ పలకని కిటికీ వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పారు.

"మీరు ఇదివరకు ఏం వాడేవారండీ దీని బదులు?" అని అడిగారు.

రోలరు గురించి చెప్పాను. చేతులతో గాలిలో చూపించాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా విని, "అయితే మీకు సగం వచ్చేసినట్టేనండి. ఇందులోనూ రోలరే ఉంది. కనపడదంతే. మీరు మేకు కొట్టేచోట ఇక్కడ ఒకటి రాస్తారు. ఖాళీ వదిలేచోట సున్నా" అన్నారు.

"రాయడం ఎలాగండీ?"

"అది నాకూ రాదు" అని నవ్వారు. "కాలేజీలో చదివేనంతే, చేసి చూళ్లేదు. పుస్తకం తెప్పిద్దాం. మీరు పని చెప్పండి, నేను భాష చూస్తాను."

హైదరాబాదు కోఠీలో తిరిగి పుస్తకం, చిప్పులు, వాటిలోకి రాసే పరికరం తెచ్చాను. పొద్దున్న ఆవిడ క్లాసులు మొదలయ్యేలోపు ఇన్‌స్టిట్యూట్‌లోనే కంప్యూటరు ముందు గంటసేపు కూర్చునేవాళ్లం. ఆవిడని నేను మేడం అనేవాణ్ని, ఇప్పటికీ అదే. మొదట ఒక్క బల్బు వెలిగి ఆరింది. మేం వెలగమన్నప్పుడు వెలిగింది, ఆరమన్నప్పుడు ఆరింది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్నేళ్లయిందండీ, ఇది చెయ్యాలనుకుని" అన్నారు. ఎవరికి వాళ్లకి మనసులో ఒక ఆగిపోయిన పని ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడకి అది అయిదేళ్లుగా టైపింగు పాఠాల కింద అణిగి ఉంది.

కొన్ని నెలలకి నెమలి తయారైంది. మా పక్క ఊరి తీర్థంలో సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బోర్డు లేపాం. డేరాలో రోలరు లేదు. మావయ్య చేతులు కట్టుకుని జనంలో నిలబడి చూశారు. నెమలి అడుగులు వేసింది, పురి విప్పింది, ఆడింది. పిల్లలు కేకలు పెట్టారు. నేను మావయ్య ముఖమే చూస్తున్నాను.

"ఎలా ఉంది మావయ్యా?"

"బానే ఉందిరా." బోర్డు మీంచి కళ్లు తియ్యకుండానే, "మరీ సరిగ్గా ఆడుతోంది" అన్నారు.

ఆ మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. రోలరు చెక్క కదా, ఎండకి ఒకలా, వానకి ఒకలా ఉండేది. మోటారు ఒక చోట కొంచెం తటపటాయించేది. దాంతో నెమలి ఒకసారి మెడ ఎత్తి ఆలోచించినట్టు ఉండేది, ఇంకోసారి గబుక్కున తిరిగేది. మా చిప్పు ప్రతిసారీ అచ్చంగా ఒకేలా తిప్పుతోంది. పాత రోలరుని మళ్లీ తిప్పి, ఎక్కడ ఎంత ఆలస్యమవుతోందో గమనించి, ఆ తటపటాయింపుని మేం ప్రోగ్రాములో రాశాం. మేడంకి మొదట ఇది వింతగా తోచింది. "తప్పుని కావాలని రాస్తున్నామండీ మనం" అన్నారు. తరవాతి తీర్థంలో మావయ్య చివరిదాకా చూశారు. తలూపి, బొంగుల దగ్గరికి వెళ్లి తాళ్లు సరిచూసుకున్నారు. నాకు అది చాలు.

అలా రెండు మూడేళ్లు నడిచింది. చుట్టుపక్కల కొట్లవాళ్లు కూడా మా పెట్టెలు కొనుక్కునేవారు. ఎవరి బోర్డుకి తగ్గ ఆట వాళ్లకి రాసిచ్చేవాళ్లం. చిప్పుమీద నంబరు మాత్రం గీకలేదు.

ఒక పెళ్లిలో లైటింగు చూసి ఒకావిడ నన్ను పిలిపించారు. మలికిపురం వైపు ఆవిడకి రొయ్యల చెరువులున్నాయి. భర్త మస్కట్‌లో ఉంటారు. చెరువులు, మేత, మనుషులు అన్నీ ఆవిడే చూసుకుంటారు.

"తమ్ముడూ, నెమలిని ఆడిస్తున్నావు సరే. కరెంటు పోతే అరిచేది ఏదైనా చెయ్యగలవా?"

"అరవడం దేనికండీ అక్కగారూ?"

ఆవిడ నన్ను కారెక్కించుకుని చెరువు దగ్గరికి తీసుకెళ్లారు. నీళ్లమీద తెల్లటి చక్రాలు నురగలు కక్కుతూ తిరుగుతున్నాయి. వాటిని ఏరియేటర్లంటారు. నీళ్లలోకి గాలి కలుపుతాయి. అవి ఆగితే రొయ్యలకి ఊపిరాడదు. వెంటనే జనరేటరు వెయ్యాలి. కాపలా మనిషి కునుకు తీస్తే నెలల తరబడి పెంచింది పోతుంది.

ఇది మాకు చిన్న పనే అనిపించింది. కరెంటు ఉందో లేదో చూసే పెట్టె, దానికి ఒక బ్యాటరీ, ఒక పెద్ద గంట. వారంలో బిగించి వచ్చాం. మర్నాటి నుంచే అది మోగడం మొదలుపెట్టింది. మన కరెంటు సంగతి తెలిసిందే కదా, రెప్పపాటు పోయి వస్తూంటుంది. ప్రతి రెప్పపాటుకీ గంట. కొన్నాళ్లకి నేను వెళ్లి చూస్తే, కాపలా ఆయన గంట నోట్లో తువ్వాలు కుక్కి పెట్టాడు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"ఏం జెయ్యమంటారండీ బాబూ, అది అరిచినప్పుడల్లా పరిగెత్తాను. ఎల్లేసరికి చక్రాలు తిరుగుతానే ఉంటన్నాయి. కాళ్లు పీకేస్తన్నాయండి."

ఆయన మాటలో న్యాయముంది. కరెంటు పోయిన వెంటనే కాకుండా, కాసేపు చూసి అప్పటికీ రాకపోతేనే మోగేలా మార్చాం. తువ్వాలు బయటికొచ్చింది. పని అయిపోయిందనుకున్నాను.

వానాకాలంలో ఒక పొద్దున్న ఆవిడ స్వయంగా కొట్టుకొచ్చారు. స్టూలు మీద కూర్చున్నారు. అత్తయ్య మజ్జిగ ఇస్తే తాగలేదు.

"మూడో చెరువు పోయింది తమ్ముడూ."

"గంట మోగలేదాండీ?"

"ఎందుకు మోగుతుంది? కరెంటు ఉంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. షెడ్డులో దీపం వెలుగుతానే ఉంది, మోటార్లు ఆగిపోయేయి. కరెంటు ఉందని చెప్పింది నీ పెట్టె. అబద్ధం చెప్పలేదు. కానీ రొయ్యలన్నీ తేలిపోయేయి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. మేడంని పిలిపించాను, ఇద్దరం ఆవిడతో పాటు చెరువుకి వెళ్లాం. గట్టు మీద వలల్లో చచ్చిన రొయ్యలు కుప్పగా పోసి ఉన్నాయి. ఆ వాసన, దాని మీద ముసిరిన కాకులు. తీర్థంలో నెమలి ఆగిపోతే జనం నవ్వుతారు, మేం సర్దుకుంటాం. ఇక్కడ చక్రం ఆగితే సర్దుకోవడానికి ఏమీ మిగలదు.

మేడం గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఆగి, "మనం కరెంటు ఉందా అని అడిగేమండీ. ఈవిడకి తెలియాల్సింది చక్రం తిరుగుతోందా అని" అన్నారు.

మళ్లీ మొదటికి వచ్చాం. ఈసారి కొట్లో కూర్చుని చెయ్యలేదు. నేను చెరువుల దగ్గరే ఉంటూ, మేడం సెలవు రోజుల్లో వస్తూ, ఏయే విధాలుగా చక్రాలు ఆగుతాయో తెలుసుకున్నాం. ఫేజు పోతుంది, ఫ్యూజు పోతుంది, నాచు చుట్టుకుంటుంది, ఎలకలు వైరు కొరుకుతాయి. అన్నిటికీ గుర్తు ఒకటే: మోటారు పీల్చుకునే కరెంటు మారిపోతుంది. దాన్ని ప్రతి మోటారు దగ్గరా కనిపెట్టి చూసే పెట్టె చేశాం. అప్పటికి సెల్ ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. ఒక పాత ఫోను విప్పి, దాని బటన్లకి లోపల్నుంచి వైర్లు అతికించి, చెరువు ఆగితే అదే ఆవిడకి డయలు చేసేలా పెట్టాం. రొయ్యలే ఫోను చేసినట్టుందని ఆవిడ మొదటిసారి నవ్వారు.

సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలికి మా పలకలు నెలలోనే పచ్చగా చిలుమెక్కిపోయేవి. దీనికి మేడం పుస్తకంలోనూ, నా బుర్రలోనూ దారి దొరకలేదు. మావయ్య ఒక పాడైన పలకని గోటితో గీకి చూసి, "మోటారు వైండింగుకి వార్నీషు ఎందుకు పోస్తారనుకున్నావురా? దీనిక్కూడా పొయ్యి" అన్నారు. పోశాం. నిలబడింది. అప్పట్నుంచి ఆ పని ఆయనదే. చొక్కా మడిచి, ఒక్కో పలకనీ వార్నీషులో ముంచి, దండెం మీద బట్టలారేసినట్టు ఆరేసేవారు. లైటింగు పనులు తగ్గించుకున్నందుకు ఆయనకి బాధ లేదా అని ఒకసారి అడిగాను. "ఉంటుందిరా. అయితే ఏంటి? వయసొచ్చింది, బొంగులెక్కలేను" అన్నారు.

ఆ పెట్టె పెట్టిన మరుసటి పంటలో ఏరియేటర్లు రెండుసార్లు ఆగాయి. రెండుసార్లూ ఫోను మోగింది. రొయ్యల్ని వలేసి తీసే పట్టుబడి నాడు ఆవిడ కబురు పెట్టారు. మేం వెళ్లేసరికి వలలో రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆవిడ మాతో పెద్దగా మాట్లాడలేదు, కాటా దగ్గర పనిలో ఉన్నారు. కాపలా ఆయన మాత్రం వచ్చి, "బాబూ, ఇప్పుడు పడుకుంటన్నానండి" అన్నాడు. ఎవరైనా మా పని గురించి చెప్పిన మంచి మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

ఆ తరవాత కొన్ని నెలలకి, కొట్టు తెరిచిన కాసేపటికి ఎవరో పెద్దాయన వచ్చి గుమ్మం ముందు చెప్పులు విప్పారు. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. భీమవరం వైపు నుంచి వచ్చానన్నారు.

"ఇక్కడ కోడి అమ్ముతారంటండీ?"

"కోడేంటండీ? ఇది ఎలక్ట్రికల్ కొట్టండి."

"ఆయ్, అదేనండి. చెరువు ఆగితే కూసే కోడి. మావోళ్లందరూ అలాగే అంటన్నారు మరి."

పొద్దున్న క్లాసుల్లేని రోజు కావడంతో కొట్లోనే ఉన్న మేడం లోపల్నుంచి వచ్చి నావైపు చూశారు. దానికి మేం పేరు పెట్టలేదు. అడిగినవాళ్లకి చేసివ్వడమే గానీ, అల్మారాలో తయారుగా ఒక్కటి కూడా లేదు. మేం చెప్పకుండా, మేమెవరో తెలియకుండా, ఒక మనిషి గోదావరి దాటి దాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకి పరీక్ష కోసం వాడుకుంటున్న పెట్టెనే తుడిచి ఇచ్చాం. ఎలా బిగించాలో మేడం కాయితం మీద బొమ్మ గీసి చూపించారు. ఆయన అంతా విని, సంచీలో పెట్టుకుని, మెట్టు దిగబోతూ ఆగారు.

"రేపు ఇది కుయ్యకపోతే ఎవరికి చెప్పాలండీ?"

అంతవరకూ ఆ ప్రశ్న మాకు రాలేదు. అక్కగారి చెరువు పక్క ఊళ్లోనే కదా, పిలిస్తే వెళ్లిపోయేవాళ్లం. ఈయన ఊరు నేను చూడనే లేదు. ఒకటి చేసి ఇవ్వడం వేరు, ఎక్కడో తెలియని గట్టుమీద అది పనిచేస్తూ ఉంటుందని మాటివ్వడం వేరు. నాకు కొంచెం భయమేసింది. తీర్థాల పని అయితే మూడో రోజుకి బొంగులు విప్పేసి ఇంటికొచ్చేస్తాం.

"నాకే చెప్పండి" అన్నాను. "నేనొస్తాను."

కొట్టు ఫోను నంబరు రాసి ఇచ్చాను. ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకుని, బస్టాండు వైపు నడిచారు. ఆ రోజు మధ్యాహ్నమే మేడం ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి, నెలాఖరు నుంచి పాఠాలు మానేసి మా కొట్లోనే పని చేస్తానని చెప్పి వచ్చారు.